పాటకూ పాటకూ నడుమ: అమెరికా మహిళా సంగీతోద్యమంలో సభాప్రదర్శన

తెలుగు పరిశోధనలో 'స్త్రీల పాటలు' అనగానే 'ఊర్మిళాదేవి నిద్ర' వంటి, కర్త ఎవరో తెలియని, ఇళ్లలో పాడుకొన్న పాటలు స్ఫురిస్తాయి. 1970ల అమెరికాలో 'మహిళా సంగీతం' అన్న మాట వాడుకలోకి వచ్చింది వేరొక అర్థంలో. స్త్రీలు తామే రాసి, తామే బాణీ కట్టి, తమ పేరుతో స్త్రీల ఎదుట పాడిన సంగీతమది. పాడినవారిలోనూ విన్నవారిలోనూ లెస్బియన్లు అధికం. ఈ ఉద్యమ చరిత్రను రికార్డుల వరుసగా చెప్పడం సులభం. కాని దాని బలమూ దాని తగాదాలూ ప్రధానంగా సభలోనే కనిపిస్తాయి.

రికార్డుల కథ క్లుప్తంగా ఇది. 1973లో ఏలిక్స్ డాబ్కిన్ 'లావెండర్ జేన్ లవ్స్ విమెన్' వెలువరించింది. అదే ఏడు వాషింగ్టన్‌లో కొందరు స్త్రీలు ఉమ్మడిగా ఒలీవియా రికార్డ్స్‌ను స్థాపించారు. వారిలో గాయని మెగ్ క్రిస్టియన్ ఒకరు. స్త్రీలే ఒక రికార్డు సంస్థ పెట్టవచ్చు గదా అన్న సూచన మరొక గాయని క్రిస్ విలియమ్‌సన్ నుంచి ఒక రేడియో సంభాషణలో వచ్చింది. 1975లో ఆమె 'ది ఛేంజర్ అండ్ ది ఛేంజ్డ్' ఆ సంస్థకు ఆర్థికంగా ఊపిరి పోసింది.

స్వలింగానురక్తిని మానసిక రుగ్మతల పట్టిక నుంచి అమెరికా మనోవైద్యుల సంఘం తొలగించినది కూడా 1973లోనే, ఆ ఏటి చివరి నెలలో. నిర్ణయం కాగితంమీద మారినంత మాత్రాన బతుకులు మారలేదు. లెస్బియన్ అని తెలిస్తే ఉద్యోగం పోవచ్చు. విడాకుల కేసులో న్యాయస్థానం బిడ్డలను తల్లి నుంచి వేరుచేయవచ్చు. అటువంటి స్త్రీకి, తనవంటివారు వందలమంది ఒకేచోట దీపాల వెలుగులో కూర్చొని ఉండడాన్ని చూడడమే పాట కంటె ముందు కలిగే అనుభవం. రికార్డు ఇంట్లో ఒంటరిగా వినదగినది, అవసరమైతే దాచదగినది. సభకు మాత్రం మనిషి వెళ్లి కనబడవలసి ఉంటుంది.

ఆ సభల ఏర్పాటు ఒక శ్రమవ్యవస్థ. ఊరూరా స్త్రీల బృందాలు కళాశాల ప్రేక్షాగారాన్నో చర్చి మందిరాన్నో అద్దెకు తీసుకొనేవి. ఆదాయాన్నిబట్టి టికెట్టు ధర, తల్లులకు వీలుగా శిశుసంరక్షణ, బధిరులకు సంజ్ఞాభాషానువాదం క్రమంగా ఆనవాయితీ అయ్యాయి. హాలీ నియర్ పర్యటనలలో సూసన్ ఫ్రాయిండ్లిక్ వేదికమీదనే నిలిచి పాటను చేతులతో అనువదించేది. ధ్వనియంత్రాలు, దీపాలు, తీగలు అన్నీ స్త్రీల చేతిలోనే. అంతకుముందు వారికి ఆ పనులు నేర్పే చోటు దాదాపు లేదు. ఇలినాయ్‌లోని షాంపెయిన్-అర్బానాలో 1974లో జాతీయ మహిళా సంగీతోత్సవం, 1976లో మిషిగన్ ఉత్సవం మొదలయ్యాయి. మిషిగన్‌లో వేదికలను ఏటా స్త్రీలే కట్టి, ఉత్సవం ముగిశాక విప్పేవారు.

హాస్యం ఈ చరిత్రలో అనుబంధం కాదు. మాక్సీన్ ఫెల్డ్‌మన్ 1969లో రాసిన 'యాంగ్రీ ఆథిస్' పేరే ఒక శ్లేష: ఆథిస్ ప్రాచీన గ్రీకు కవయిత్రి శాఫో కవితల్లోని స్త్రీ, బిగ్గరగా పలికితే 'దీనిమీద కోపం' అని వినబడుతుంది. పాట్ హారిసన్, రాబిన్ టైలర్ జంట 1970ల తొలినాళ్లలో స్త్రీవాద హాస్యాన్ని కళాశాలల్లో ప్రదర్శించింది. పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయినిగా పనిచేసిన కేట్ క్లింటన్ 1981లో వేదికెక్కి, తనను 'ఫ్యూమరిస్ట్' అని పిలుచుకొంది. స్త్రీవాది, హాస్యకారిణి అన్న రెండు మాటల కలయికకు తోడు అందులో పొగలు కక్కే కోపమూ ఉంది. స్త్రీవాదులకు నవ్వడం రాదన్న అపవాదుకు ఆ ఒక్క మాట చాలు. చరిత్రకారుడికి ఇక్కడ మరొక ప్రయోజనముంది. పాటను శ్రోతలు లేకుండానే ముద్రించవచ్చు. హాస్యం అలా సాగదు. క్లింటన్ 1982 నాటి 'మేకింగ్ లైట్' వంటి సభా ముద్రణలో నవ్వు కూడా పాఠంలో భాగమే. శ్రోతలు దేనికి వెంటనే నవ్వారో, దేనికి క్షణం తటపటాయించారో అందులోనే వెతకాలి.

1982 నవంబరు 26న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో క్రిస్టియన్, విలియమ్‌సన్ కలిసి పాడిన సభను ఈ ఉద్యమ శిఖరంగా పేర్కొంటారు. గౌరవనీయమైన వేదిక దక్కడం నిజంగా విజయమే. అయితే అంతకు ఏడాది ముందు ఒక కొండప్రాంతపు ఉత్సవంలో జరిగిన ప్రసంగానికి చారిత్రక ప్రాధాన్యం ఎక్కువ.

ఆ ఉత్సవం కాలిఫోర్నియాలో యోసెమిటీ ప్రాంతాన జరిగిన పశ్చిమతీర మహిళా సంగీతోత్సవం. నిర్వాహకురాలు రాబిన్ టైలర్. అక్కడ మాట్లాడిన బెర్నీస్ జాన్సన్ రేగన్ పౌరహక్కుల పోరాటంలో పాడిన గాయని, 'స్వీట్ హనీ ఇన్ ది రాక్' వ్యవస్థాపకురాలు. ఎత్తైన ప్రదేశంలో ఊపిరాడని తన ఇబ్బందితోనే ఆమె ప్రసంగం మొదలుపెట్టి, దానినే ఉపమానంగా మలిచింది. ఐక్యసంఘటనలో పని చేయడమంటే అలవాటులేని గాలిలో నిలబడడమేననీ, దానిని సొంత ఇల్లనుకోవడం పొరపాటనీ ఆమె వాదన. ప్రధానంగా శ్వేతజాతి స్త్రీలతో నిండిన సభల్లో నల్లజాతి కళాకారిణులకు ఈ ఊపిరాడనితనం కొత్త కాదు. 1978లో లిండా టిలరీ, మేరీ వాట్కిన్స్, గ్వెన్ ఏవరీ, కవయిత్రి పాట్ పార్కర్ 'వేరీడ్ వాయిసెస్ ఆఫ్ బ్లాక్ విమెన్' పర్యటన చేపట్టిన నేపథ్యమూ అదే.

ఆ ఇంటి తలుపు మరొకవైపునా మూసుకొంది. ఒలీవియా ధ్వని ఇంజనీరు శాండీ స్టోన్ ట్రాన్స్ మహిళ. సంస్థ తొలుత ఆమెకు అండగా నిలిచినా, బహిష్కరణ బెదిరింపుల నడుమ 1970ల చివర ఆమె తప్పుకొంది. మిషిగన్ ఉత్సవం 1991లో ఒక ట్రాన్స్ మహిళను ప్రాంగణం నుంచి పంపివేసింది. తరువాతి ఏళ్లలో ఆ ప్రాంగణం వెలుపల నిరసన శిబిరాలు వెలిశాయి. పుట్టుకతో స్త్రీలైనవారికే అన్న ఉద్దేశాన్ని నిర్వాహకులు వదులుకోలేదు. బయటివారి చూపు నుంచి రక్షణ కోసం గీసిన గీతే లోపలికి రాగోరినవారిని వెలి వేసింది. 2015లో ఆ ఉత్సవం ముగిసిపోయింది.

ఈలోగా లీ డిలారియా 1993లో లెస్బియన్‌గా బాహాటంగా చెప్పుకొంటూనే ఆర్సెనియో హాల్ టెలివిజన్ కార్యక్రమంలో హాస్యం పలికించింది. ఒలీవియా మాత్రం రికార్డుల నుంచి క్రమంగా తప్పుకొని, 1990 నుంచి స్త్రీల కోసం నౌకాయాత్రలు నడపసాగింది. ఆ ఓడలమీద గాయనులూ హాస్యకారిణులూ ప్రదర్శనలిచ్చారు. రికార్డుల వ్యాపారం సన్నగిల్లినా, ఆ సంస్థ సభను మాత్రం వదలలేదు.