మూడు రెట్లు వెతికినా: ప్రోటీన్ల అన్వేషణలో సంభావ్యత

ప్రోటీను ఇరవై రకాల అమైనో ఆమ్లాలను వరసగా గుచ్చిన దండ. వంద పూసల చిన్న దండకే సాధ్యమయ్యే కూర్పుల సంఖ్య 1 పక్కన 130 సున్నాలను మించుతుంది. అందులో పనికొచ్చేదాన్ని ఏరుకోవడం రసాయనశాస్త్రానికి ఎంత సమస్యో, సంభావ్యతాశాస్త్రానికీ అంతే సమస్య.

1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ వైరస్‌ను తట్టుకొనే బాక్టీరియా వైరస్ తగలకముందే యాదృచ్ఛికంగా పుడుతుందని చూపారు. వారి సాక్ష్యం సూక్ష్మదర్శినిలో కనిపించినది కాదు. ఒక్కో గొట్టంలో బతికిన బాక్టీరియా సంఖ్యల మధ్య తేడా, పాయిసాన్ సూత్రం అనుమతించే దానికన్నా చాలా ఎక్కువగా ఉండడమే వారి సాక్ష్యం.

మార్పు యాదృచ్ఛికమైతే దాన్ని మనమే పుట్టించి, వడపోయవచ్చు. 1985లో జార్జ్ స్మిత్ బాక్టీరియోఫేజ్ ఉపరితలంపై ప్రోటీన్ ముక్కలను ప్రదర్శించే పద్ధతిని ప్రకటించారు. గ్రెగ్ వింటర్ దాన్ని యాంటీబాడీలకు మళ్ళించారు. 2002లో అమెరికాలో అనుమతి పొందిన కీళ్ళవాతపు మందు అడాలిముమాబ్ ఆ దారిలో వచ్చినదే. 1993లో ఫ్రాన్సెస్ ఆర్నల్డ్ బృందం సబ్టిలిసిన్ అనే ఎంజైమును దఫదఫాలుగా మార్చి, 60 శాతం సేంద్రియ ద్రావణిలో 256 రెట్లు చురుకుగా పనిచేయించింది. ఈ ముగ్గురికీ 2018లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఎన్నింటిని పరీక్షిస్తే చాలు? 1976లో లూయీస్ క్లార్క్, జాన్ కార్బన్ జన్యు లైబ్రరీల కోసం వాడిన లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. కూర్పులన్నీ సమాన సంభావ్యత కలవైతే, ఏ ఒక్కటైనా కంటబడే అవకాశం 95 శాతం కావాలంటే కూర్పుల సంఖ్యకు మూడు రెట్లు పరీక్షించాలి. ఒక స్థానంలో 32 కోడాన్లు వాడితే 96 నమూనాలు సరిపోతాయి. మూడు స్థానాలను ఒకేసారి మారిస్తే కూర్పులు 32,768. పరీక్షలు సుమారు 98,000. అందుకే మాన్‌ఫ్రెడ్ రీట్జ్ బృందం 2008లో 12 కోడాన్లు, 12 అమైనో ఆమ్లాలతో సరిపెట్టుకోవడంలోని లాభాన్ని చూపింది. అప్పుడు మూడు స్థానాలకు దాదాపు 5,200 పరీక్షలు చాలు.

వైద్యులకు పరిచితమైన చిక్కు ఇక్కడే ఉంది. 95 శాతం అంటే వెయ్యి కూర్పుల్లో సగటున యాభై అసలు కంటబడవు. పైగా అవకాశాలు సమానమూ కావు: ఆ 32 కోడాన్లలో లూసీన్‌కు మూడుంటే ట్రిప్టోఫాన్‌కు ఒక్కటే. కనుక ‘దొరకలేదు’ అన్న ఫలితం ‘లేదు’ అన్న నిర్ధారణ కాదు. పరీక్షలో జబ్బు కనబడనంత మాత్రాన రోగికి జబ్బు లేదని చెప్పలేము. ఆ పరీక్ష ఎంత జబ్బును వదిలేస్తుందో ముందు తెలియాలి. ప్రోటీన్ల వేటలోనూ, ఎంత వెతికామో చెప్పని వైఫల్యానికి విలువ లేదు.