వారాల భోజనము నుండి విద్యార్థి సంక్షేమము దాక

మన పిల్లవాడు కాలేజీలో చేరెనని వినగానే నేడు మనమడుగు మొదటి ప్రశ్న "ఏ గ్రూపు?" అని. మన తాతల కాలమున అడిగెడి ప్రశ్న వేరు. "నాయనా, భోజనమెక్కడ?" అనెడివారు. ఈ రెండు ప్రశ్నల నడుమనున్న చరిత్రను ఈ ఉగాది సంచికలో మన కుటుంబముల ముందుంచ దలచితిమి.

1857 లో మదరాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. చాలకాలము కోస్తా తెలుగు జిల్లాలకు, మన బరంపురమున్న గంజాము జిల్లాకు కూడ పెద్ద చదువునకు అదియే దిక్కు. పల్లెటూరి కుర్రవాడు పట్టణము చేరునప్పటికి చేతిలో కాలేజీ జీతమునకు చాలిన డబ్బే ఉండెడిది కాదు. ఇక పూటకూళ్లింటి భోజనమెక్కడిది? అట్టివారిని కాపాడినది వారాల పద్ధతి. సోమవారము ప్లీడరు గారింట, మంగళవారము మేష్టారింట, ఇట్లు వారమునకు ఏడిండ్లు కుదిరినచో చదువు సాగినట్లే. ఒక వారము తప్పినచో ఆనాడు పస్తు.

అక్కడ దొరకినది అన్నమొక్కటే కాదు. వారాలబ్బాయి రాకపోయినచో "జ్వరము తగిలినదేమో, చూచి రండి" అని ఆ ఇల్లాలు మనిషిని పంపెడిది. నేడు కౌన్సెలింగు అని పిలుచు పనిలో కొంత ఆనాడు విస్తరి ముందే జరిగెడిది. అయినను ఈ పద్ధతిని మరీ పొగడుటయు తగదు. అది చాలమట్టుకు బ్రాహ్మణ బాలురకే పరిమితము. అంటరానివారని దూరముంచబడిన వారికి, ఆడపిల్లలకు ఆ గడప తెరువబడలేదు. తిన్నవారు సైతము కొన్ని ఇండ్లలో అన్నముతో పాటు మాటలు కూడ మ్రింగవలసి వచ్చెడిది.

ఈ లోటు ఎరిగిన పెద్దలు వేరు మార్గములు వెదకిరి. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాల ప్రిన్సిపాలుగా నుండిన రఘుపతి వెంకటరత్నము నాయుడు గారు తమ సొంత సంపాదనను బీద విద్యార్థులకు, అనాథ బాలలకు కులభేదము లేక వెచ్చించిరి. 1925 లో వారే మదరాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరైరి. నైజాము ఇలాకాలో 1918 లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. ఆ ఏడే హైదరాబాదులో రెడ్డి హాస్టలు ఏర్పడెను. రాజా బహద్దూరు వెంకటరామారెడ్డి గారు దానికి మూలస్తంభము. తరగతి గది ఒక్కటే చాలదు, తలదాచుకొను చోటు కూడ కావలెనని వారు గ్రహించిరి.

1926 లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టినది. దానిని నిలబెట్టుటలో జయపురము సంస్థానము ఏటేట లక్ష రూపాయల చొప్పున తోడ్పడినది. అక్కడి సైన్సు కళాశాలకు జయపురము మహారాజా విక్రమదేవ వర్మ గారి పేరు పెట్టబడినది. ఆ జయపురమును, మన గంజామును 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరినవి. ఒడిశా తెలుగువారమగు మనము ఈ సంగతి మరువరాదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు 1931 నుండి 1936 వరకు వైస్ ఛాన్సలరుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారే 1948 లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘమునకు అధ్యక్షులు. విద్యార్థులకు ఏటేట ఉచిత వైద్య పరీక్ష, మంచి వసతి, చౌకలో మధ్యాహ్న భోజనము, ప్రతి విశ్వవిద్యాలయమునను సంక్షేమ సలహా మండలి ఉండవలెనని ఆ సంఘము చెప్పినది. అంతకుముందే, 1944 లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి చదువునకు వేతనములు మొదలైనవి. దాత దయ అనునది పోయి, విద్యార్థి హక్కు అనునది వచ్చుటకు ఇది నాంది.

అయినను కడుపు నిండినంతనే మనసు కుదుటపడునా? 2022 లో దేశమున 13,044 మంది విద్యార్థులు ప్రాణము తీసికొనిరని ప్రభుత్వ లెక్క. విశాఖపట్నములో చదువుకొనవచ్చిన ఒక వంగదేశపు బాలిక మరణముపై నడచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఉత్తరువులిచ్చినది. నూరుగురు, అంతకు మించిన విద్యార్థులున్న ప్రతి సంస్థలోను మనసెరిగి మాటలాడగల శిక్షితుడైన సలహాదారు ఒకరైనను ఉండవలెను. అంతకు చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసికొనవలెను. పరీక్షల వేళ కొద్దిమంది విద్యార్థులకొకరు చొప్పున కనిపెట్టి ఉండవలెను. 2022 అక్టోబరు నుండి టెలీ మానస్ అను ప్రభుత్వ సహాయము కూడ కలదు. 14416 అను నంబరునకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులోను ఒడియాలోను మాటలాడవచ్చును.

ఇక మా మాట ఒకటి. మేము మెట్రిక్యులేషనుతో ఆగిపోయిన వారము. మార్కులు చాలక కాదు. కాలేజీ ఉన్న పట్టణములో మాకు నిలువ నీడ లేక. నాన్నగారు పోయిన పిమ్మట రైల్వేలో గుమాస్తాగా చేరితిమి. "ఈ కుర్రవానికి హాస్టలు వేతనము దొరకును, దరఖాస్తు పెట్టించుడు" అని చెప్పువారు మా కాలనీలో ఒక్కరున్నను మా దారి వేరుగా ఉండెడిది. సాయము లేకపోలేదు, ఉన్నదని చెప్పువారే లేకపోయిరి.

కావున మన సంఘమునకు మా మనవి. ప్రతి ఏడు కాలేజీలలో చేరు మన పిల్లల పట్టిక ఒకటి వ్రాయుదము. వేతనముల దరఖాస్తు తేదీలు నోటీసు బోర్డుపై పెట్టుదము. పై ఊళ్ల నుండి చదువుకొనవచ్చిన తెలుగు పిల్లలను, కులమడుగక, నెలకొక ఆదివారము ఒక్కొక్క ఇంట భోజనమునకు పిలుచుదము. మార్కుల మాట ఎత్తక "బాగున్నావా అమ్మా? నిద్ర పట్టుచున్నదా నాయనా?" అని అడుగుదము. పిల్లవాడు బదులు చెప్పక తల వంచుకొన్నచో అంతటితో విడువక, కాలేజీ సలహాదారు వద్దకు తోడు వెళ్లుదము.

ఆనాటి ఇల్లాలి వద్ద డిగ్రీ లేదు. కాని వారాలబ్బాయి రాలేదని ఆమెకు తెలిసెడిది. మన పిల్లలలో ఎవరు రాలేదో మనకు తెలియుచున్నదా? ఈ కొత్త సంవత్సరమున మన తెలుగిండ్లన్నియు ఆ లెక్క చూచుకొనుగాక.