జగిత్యాల ఖిల్లాకు ఆ కోణాలెందుకు?

కొండగట్టు అంజన్నకు దండం పెట్టుకుని, వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించి, ధర్మపురిలో గోదావరి స్నానం చేసి జనం ఇంటిదారి పడతారు. కోరుట్ల నుంచి బయలుదేరినా, సిరిసిల్ల నుంచి బయలుదేరినా ఈ తిరుగుడులో జగిత్యాల బస్సు మారే ఊరు, చాయ్ తాగే ఊరు. ఊళ్లోనే ఉన్న ఖిల్లా వైపు మళ్లేవాళ్లు తక్కువ. కాస్త చరిత్ర తెలిసినవాళ్లకైనా జగిత్యాల అంటే 1978 నాటి రైతుకూలీల జైత్రయాత్రే. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఖిల్లా కథ అంతకు రెండు వందల ఏళ్లకు పైగా ముందుది.

దీన్ని 1747లో ఎల్గందుల పాలకుడు జఫరుద్దౌలా ఇబ్రహీంఖాన్ ధంసా కట్టించాడని చెబుతారు. ఎల్గందుల కోటలోని ఊగే మినార్ల మసీదునూ ఆయన ఖాతాలోనే వేస్తారు. జగిత్యాల కోటకు జాక్, టాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు నక్షా గీశారని, వాళ్ల పేర్లు కలిస్తేనే ఊరిపేరైందని స్థానికుల మాట. వినడానికి బాగుంటుంది కానీ నాకు నమ్మకం లేదు. పన్నెండో శతాబ్దంలోనే పక్కనున్న పొలాసను ఏలిన వంశంలో జగ్గదేవుడనే రాజున్నాడు, ఊరిపేరు ఆయన నుంచే వచ్చి ఉండొచ్చు. ఊరిపేరు సంగతి అలా ఉంచితే, కోట నక్షా మాత్రం ఈ నేల మీద పుట్టింది కాదన్నది గోడలను చూస్తేనే తెలుస్తుంది.

మన దగ్గర కోట అంటే గుట్ట. గోల్కొండ, భువనగిరి, ఎల్గందుల... అన్నిచోట్లా సగం కాపలా గుట్టే కాస్తుంది, మిగతా సగానికే మనిషి గోడ కట్టాడు. జగిత్యాల ఖిల్లా నిలబడింది చదును నేల మీద. ఎత్తు సాయం లేనప్పుడు లెక్క సాయం కావాలి. ఆ లెక్కే నక్షత్రాకారం. దాని పుట్టిల్లు ఇటలీ.

1494లో ఫ్రెంచి రాజు ఎనిమిదో చార్లెస్ ఫిరంగులతో ఇటలీ మీద పడ్డప్పుడు అక్కడి పాత ఎత్తుగోడలు ఆ దెబ్బలకు ఆగలేదు. ఎత్తైన గోడ ఫిరంగికి సులువైన గురి. గుండ్రటి బురుజుతో ఇంకో చిక్కుంది. దాని ముందు భాగంలో, పక్క బురుజుల నుంచి చూపు ఆనని చోటు కొంత మిగిలిపోతుంది. శత్రువు అక్కడిదాకా వచ్చి గోడకు అతుక్కున్నాడంటే పైనున్నవాడు ఏమీ చేయలేడు. అందుకే ఇటలీ ఇంజనీర్లు గోడల ఎత్తు తగ్గించి మందం పెంచారు, బురుజును బాణం మొనలా ముందుకు పొడిచేలా కట్టారు. ఒక మొన పక్క గోడను పక్కనున్న మొన మీది ఫిరంగి కాస్తుంది, దాని పక్కను ఇది కాస్తుంది. గోడ కింద తలదాచుకోవడానికి జానెడు జాగా మిగలదు. ఫ్రాన్సులో వోబాన్ అనే సైనిక ఇంజనీరు ఈ విద్యను పదిహేడో శతాబ్దంలో శిఖరానికి చేర్చాడు. ఐర్లండులోని కార్క్ కౌంటీలో, కిన్సేల్ రేవు దగ్గర 1677లో మొదలుపెట్టిన చార్లెస్ ఫోర్టుదీ ఇదే తరహా. దాన్ని చూడడానికి ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు.

మరి ఈ విద్య జగిత్యాల దాకా ఎలా వచ్చింది? 1746లో మద్రాసు పక్కన అడయారు ఒడ్డున కొన్ని వందల మంది ఫ్రెంచి సైనికులు ఆర్కాటు నవాబు పంపిన వేలాది సైన్యాన్ని చెదరగొట్టారు. ఆ ముచ్చట దక్కను దర్బారులన్నిటికీ పాకకుండా ఉంటుందా? 1748లో మొదటి నిజాం కన్నుమూశాడు, వారసులు తగువులాడుకున్నారు. ఆ తగువుల మధ్య ఫ్రెంచి సేనాని బుస్సీ నిజాం కొలువులో పాతుకుపోయింది 1751 నుంచి. అంటే జగిత్యాల పునాది అంతకు ముందే పడింది. సైన్యం కన్నా ముందే పనితనం తెలిసినవాళ్లు జీతానికి కుదురుతూ వచ్చారన్నది నా ఊహ. కర్ణాటకలో సకలేశపురం దగ్గర టిప్పు సుల్తాన్ కట్టించిన మంజరాబాద్ కోటకు నక్షత్రకోటగా ఎంతో పేరుంది. అది 1792 నాటిది, జగిత్యాల కన్నా 45 ఏళ్లు చిన్నది. పేరు మాత్రం చిన్నదానికే దక్కింది!

రాయి, సున్నంతో లేచిన గోడలు, చుట్టూ కందకం, పైన ఫిరంగులు ఇప్పటికీ కనిపిస్తాయి. చిక్కల్లా ఒక్కటే. నేల మీద నిలబడితే ఎటు చూసినా గోడే తప్ప నక్షత్రం కనిపించదు. కందకం వెంబడి నడుస్తుంటే గోడ ఉన్నట్టుండి మీదికి పొడుచుకొచ్చి, మళ్లీ లోపలికి మళ్లుతుంది. ఎందుకలా ఉందో చెప్పేవాళ్లు లేకపోతే వంకర గోడ చూసొచ్చామనుకుని వెనక్కి తిరుగుతాం. ద్వారం దగ్గర కోట పటం పెద్దగా వేయించి, ఏ మొన ఏ గోడను కాస్తుందో గీతలతో చూపిస్తే ఖర్చు పెద్దగా కాదు. పురావస్తు శాఖ, మున్సిపాలిటీ ఈపాటి పని చేయాలి.

కొండగట్టు నుంచి జగిత్యాల 15 కిలోమీటర్లే. ఈసారి మొక్కు తీర్చుకుని వచ్చేటప్పుడు ఒక గంట ఎక్కువ పెట్టుకోండి. లోపలికి వెళ్లేముందు ఫోన్లో శాటిలైట్ మ్యాప్ తెరిచి కోటను పైనుంచి చూడండి, ఆ తర్వాత ఒక మొన మీద నిలబడి పక్క మొన వైపు చూడండి. నక్షా గీసినవాడి లెక్క అక్కడే తెలిసిపోతుంది.