మాట రాని బిడ్డ: ఒక లాటిన్ పదం కథ

ఇంగ్లీషులో పసిబిడ్డను ‘ఇన్‌ఫెంట్’ అంటారు. సైన్యంలో కాల్బలాన్ని ‘ఇన్‌ఫాంట్రీ’ అంటారు. ఊయలలోని బిడ్డకూ, తుపాకి పట్టిన సిపాయికీ చుట్టరికం ఉందంటే మీరు నమ్ముతారా? రెండు మాటలకూ మూలం ‘ఇన్‌ఫాన్స్’ అనే లాటిన్ పదమే. లాటిన్‌లో ‘ఫారి’ అంటే మాట్లాడడం. దానికి ముందు చేరిన ‘ఇన్’ లేమిని సూచిస్తుంది. అంటే, ఇన్‌ఫాన్స్ అంటే మాట్లాడలేని బిడ్డ అన్నమాట. ఇటాలియన్ భాషలో ఈ పదం క్రమంగా కుర్రవాడికీ, సేవకుడికీ, చివరికి కాలినడకన వెళ్లే సైనికుడికీ పేరయింది.

చట్టంలో పసితనం

ప్రాచీన రోమ్‌లో ముఖ్యమైన ఒప్పందాలు నోటిమాటతోనే జరిగేవి. ‘ఇస్తావా?’ అని ఒకరు అడగాలి. ‘ఇస్తాను’ అని రెండోవారు జవాబు చెప్పాలి. తండ్రి లేని పసిబిడ్డకు ఆస్తి ఉన్నా, ఆ మాట పలకలేడు కనుక సంరక్షకుడే వ్యవహారం నడిపేవాడు. పోనుపోను రోమన్ న్యాయశాస్త్రం ఈ ‘మాట రాని వయస్సు’కు 7 ఏళ్లు హద్దుగా పెట్టింది.

ఆ హద్దు మనకూ కొత్తది కాదు. 7 ఏళ్లలోపు బిడ్డ చేసిన ఏ పనీ నేరం కాదని 1860 నాటి భారత శిక్షాస్మృతి 82వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ, 20వ సెక్షన్‌లో, అదే నియమం ఉంది.

ఊయల చుట్టూ పదాలు

రోమన్లు ఆడబిడ్డకు 8వ రోజున, మగబిడ్డకు 9వ రోజున పేరు పెట్టేవారు. పసితనంలోని ఒక్కో ఘట్టానికి ఒక్కో దేవత ఉండేది. తొలి ఏడుపుకు వాటికానుస్, ఊయలకు కునినా, చనుబాలకు రూమినా, తొలి పలుకుకు ఫాబులినుస్. పొత్తిగుడ్డలను ‘ఇన్‌కునాబులా’ అనేవారు. అచ్చు యంత్రం పసితనంలో, అంటే 1501కి ముందు, యూరప్‌లో అచ్చయిన పుస్తకాలను పండితులు ఇప్పటికీ ఈ పేరుతోనే పిలుస్తారు.

ఎదుటివారి కంటిలోకి చూడండి. మీ చిన్న ప్రతిబింబం కనబడుతుంది. రోమన్లు దాన్ని ‘పుపిల్లా’, అంటే చిన్నపాప, అన్నారు. మనం కంటిపాప అన్నాం. ఎక్కడి రోమ్, ఎక్కడి తెలుగునాడు!

మాట లేకపోతే బాధ లేదా?

ఈనాటి వైద్యశాస్త్రంలో ఇన్‌ఫెంట్ అంటే ఏడాది నిండని బిడ్డ. ఆ బిడ్డ తన బాధను మాటల్లో చెప్పలేదు. అంతమాత్రాన బాధ లేదనుకోవచ్చా? ఆశ్చర్యంగా ఉన్నా, 1980ల నడిమి వరకు చాలా ఆసుపత్రుల్లో నవజాత శిశువులకు అతి స్వల్పమైన మత్తుతోనే శస్త్రచికిత్సలు చేసేవారు. కదలకుండా కండరాలను సడలించే మందు మాత్రం ఇచ్చేవారు. శిశువు నాడీమండలం ఇంకా పక్వం కాలేదనీ, నొప్పి అంతగా తెలియదనీ నమ్మకం. మత్తుమందు ప్రాణం మీదికి తెస్తుందన్న భయం కూడా ఉండేది.

ఇండోర్‌లో వైద్యవిద్య చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్, తన సహచరులతో కలిసి ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. నెలలు నిండకుండా పుట్టి, గుండె దగ్గరి రక్తనాళానికి శస్త్రచికిత్స అవసరమైన శిశువులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వాడుకలో ఉన్న పద్ధతే. రెండో జట్టుకు అదనంగా ఫెంటానిల్ అనే నొప్పి మందు ఇచ్చారు. అది అందని శిశువుల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు బాగా పెరిగాయి. శస్త్రచికిత్స తరువాత చిక్కులూ వారికే ఎక్కువయ్యాయి. 1987లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడిన ఈ ఫలితం వైద్యుల ఆలోచనను మార్చింది. నవజాత శిశువులకూ తగిన మత్తు ఇవ్వాలని అమెరికా శిశువైద్యుల సంస్థ అదే ఏడాది ప్రకటించింది.

నేడు నర్సులు బిడ్డ ముఖం ముడుచుకోవడం, కాళ్లూ చేతులూ కదలడం, ఏడుపు తీరు గమనించి నొప్పికి మార్కులు వేస్తారు. తొలి ఏడుపు వినడానికి రోమన్లు ఒక దేవతను నియమించారు. ఇప్పుడు ఆ బాధ్యత మనది.