పొలిమేర దాటితే చెల్లని పత్రం: లెక్కల చదువుకు సరిహద్దుల చరిత్ర

— ఒక విశ్రాంత ఆడిటరు, తరిగొప్పుల

మన సంఘం సమావేశంలో పింఛను బకాయిల చర్చ ముగిసి టీ తాగుతుండగా ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. వారి మనవరాలు ఇక్కడ చార్టర్డ్ అకౌంటెన్సీ పూర్తిచేసి, పెళ్ళయ్యాక భర్తతో విదేశానికి వెళ్ళింది. అక్కడ ఒక కార్యాలయంలో ఆమె సర్టిఫికెట్టు చూసి, ఉద్యోగం ఇస్తాం గాని ఆడిట్ రిపోర్టు మీద సంతకం చేసే హక్కు మాత్రం ఉండదనీ, అది కావాలంటే మళ్ళీ పరీక్షలు రాయాలనీ చెప్పారట. "నువ్వు జీవితమంతా ఆడిటరుగా చేసినవాడివి. కూడిక ఎక్కడైనా కూడికే గదా! పొలిమేర దాటగానే మా పిల్ల చదువు చెల్లకుండా పోతుందా? ఇది అన్యాయం కాదా?" అని అడిగారు.

అప్పటికి ఏదో సర్దిచెప్పి వచ్చాను గాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆలోచించగా, ఇది ఆ అమ్మాయికి కొత్తగా వచ్చిన కష్టం కాదని తోచింది. ఒకప్పుడు మన దేశంలో మనవాళ్ళకే ఇదే కష్టం వచ్చింది. మన హైదరాబాద్ సంస్థానం వాళ్ళకైతే రెండింతలు వచ్చింది. ఆ కథ మన పిల్లలకు తెలియాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

లెక్కలు రాయడం మనకు కొత్త విద్య కాదు. ఊరి పట్వారీ పహాణీలు, జమాబందీ చిట్టాలు, షావుకారు ఖాతా పుస్తకాలు మన తాతల కాలం నుంచీ ఉన్నవే. అయితే వేరొకరు రాసిన లెక్కను పరిశీలించి, ఇది సరిగా ఉన్నదని నలుగురికీ పూచీ పడే వృత్తి మాత్రం కంపెనీలతో పాటే వచ్చింది. స్కాట్లాండులోని ఎడింబరో అకౌంటెంట్ల సంఘానికి 1854లో, ఇంగ్లండు, వేల్సు అకౌంటెంట్ల సంస్థకు 1880లో రాణిగారి చార్టరు లభించింది. చార్టర్డ్ అకౌంటెంట్ అనే పేరు ఆ రాజపత్రం నుంచి వచ్చిందే.

బ్రిటిష్ ఇండియాలో కంపెనీల ఆడిటరుకు ఫలానా అర్హత ఉండాలని మొదటిసారి శాసించినది 1913 నాటి ఇండియన్ కంపెనీల చట్టం. ఇందులో ఒక విశేషం ఉన్నది. ప్రభుత్వం గుర్తించిన సీమ సంస్థల సభ్యులు బ్రిటిష్ ఇండియా అంతటా ఆడిట్ చేయవచ్చు. మనవాడు మాత్రం స్థానిక ప్రభుత్వం నుంచి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. ఆ సర్టిఫికెట్టు పరిమితమైనదైతే ఆ రాష్ట్రం ఎల్లలు దాటిన తర్వాత పనికిరాదు. అంటే సముద్రాలు దాటి వచ్చిన విదేశీ అర్హతకు దేశమంతటా దారి తెరిచి ఉండగా, ఇక్కడ పుట్టి ఇక్కడే నేర్చినవాడికి పక్క రాష్ట్రంలో అడ్డు. ఆ మొదటి వరుసలో చేరాలంటే సీమకు వెళ్ళి ఏళ్ళ తరబడి ఆర్టికిల్డ్ క్లర్కుగా పనిచేయాలి. ఆ ఖర్చు ఎందరు భరించగలరు?

ఈ లోటు తీర్చడానికి బొంబాయి ప్రభుత్వం 1918లో గవర్నమెంట్ డిప్లమా ఇన్ అకౌంటెన్సీని ఏర్పాటు చేసింది. జి.డి.ఏ. అని పెద్దవాళ్ళు చెప్పుకునేది దీనినే. పరీక్ష పాసై, ఆమోదం పొందిన అకౌంటెంటు దగ్గర మూడేళ్ళు శిక్షణ పొందితే, సీమకు పోకుండానే అర్హత వస్తుంది. తర్వాత 1932లో ఆడిటర్ సర్టిఫికెట్ల నియమావళి వచ్చింది, ఇండియన్ అకౌంటెన్సీ బోర్డు ఏర్పడింది, రిజిష్టర్డ్ అకౌంటెంట్ అనే పేరు వాడుకలోకి వచ్చింది. అయినా అధికారం ప్రభుత్వం చేతిలోనే ఉండేది.

ఆ అధికారం ఎలా పనిచేసేదో మద్రాసులోని ఆర్. శివభోగం గారి జీవితం చెబుతుంది. స్వాతంత్ర్యోద్యమంలో ఏడాది జైలుశిక్ష అనుభవించిన ఆమె 1933లో పరీక్ష పాసై, దేశంలో ఈ అర్హత సాధించిన మొదటి మహిళ అయ్యారు. కాని జైలుకు వెళ్ళినవారిని అకౌంటెంటుగా నమోదు చేయకూడదనే నిబంధన అడ్డం వచ్చింది. ఆమె న్యాయస్థానానికి వెళ్ళి గెలిచి, 1937లో స్వంత ప్రాక్టీసు ప్రారంభించారు. అడ్డుగోడకు చదువుతో నిమిత్తం లేని కారణాలు కూడా ఉంటాయనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

ఇక మన సంగతికి వస్తాను. అప్పట్లో మన జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో, నిజాం ప్రభువు ఏలుబడిలో ఉండేది. బ్రిటిష్ ఇండియా చట్టాలు ఇక్కడికి రావు. కంపెనీలకు ఫస్లీ 1320 నాటి హైదరాబాద్ కంపెనీల చట్టం ఉండేది. దఫ్తరు భాష ఉర్దూ. సంవత్సరం ఫస్లీ, అది ఆజూర్ మాసంతో మొదలవుతుంది. రూపాయి కూడా వేరు. నూరు ఇంగ్లీషు రూపాయలకు మన హాలీ సిక్కాలు 116 రూపాయల 10 అణాల 8 పైసలు లెక్కకట్టేవారు. అంటే ఆరుకు ఏడు. కాజీపేట దాటి బల్హార్షా వైపు పోయే రైలులో కూర్చున్న గుమాస్తాకు సరిహద్దు రాగానే భాష, తేదీ, నాణెం, చట్టం నాలుగూ మారిపోయేవి.

సింగరేణి సంగతే చూడండి. ఆ గనుల తవ్వకం కోసం 1886లో లండనులో కంపెనీ రిజిష్టరయింది. 1920లో హైదరాబాద్ చట్టం కింద సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. 1945లో వాటాలను నిజాం ప్రభుత్వం తీసుకున్నది. బొగ్గు అదే, గని అదే. కాని లెక్కను ఏ చట్టం ప్రకారం చూడాలనేది మాత్రం కంపెనీ ఎక్కడ రిజిష్టరయిందనే దానిని బట్టి మారింది. లెక్కకు దేశం లేకపోవచ్చు గాని, లెక్క మీద సంతకానికి దేశం ఉన్నది.

పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగింది. మరుసటి ఏడాదే చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం వచ్చి, 1949 జూలై 1న అమలులోకి వచ్చింది. జి.పి. కపాడియా గారు ఇన్‌స్టిట్యూట్‌కు మొదటి అధ్యక్షులు. రాజుగారి చార్టరు లేకుండానే స్వతంత్ర దేశం తన చట్టంతో ఆ పేరును తనవారికి ఇచ్చుకున్నది.

ఆ చట్టం 4వ సెక్షను చదివితే, ఆనాటి కష్టాలన్నీ దానిలో వరుసగా కనబడతాయి. రిజిష్టర్డ్ అకౌంటెంట్లు, పరిమిత సర్టిఫికెట్టు ఉన్నవారు నేరుగా సభ్యులయ్యారు. జి.డి.ఏ. పాసై నమోదు కాలేకపోయినవారికి షరతులతో దారి ఇచ్చారు. విదేశంలో పరీక్ష, శిక్షణ పూర్తిచేసినవారి అర్హత ఇక్కడి దానికి సమానమని కేంద్ర ప్రభుత్వమో కౌన్సిలో గుర్తిస్తే చేర్చుకోవచ్చు. చట్టం వచ్చేనాటికే విదేశీ పరీక్షకు చదువుతున్న భారతీయులు నడిమధ్యలో నష్టపోకుండా, పూర్తిచేయడానికి ఐదేళ్ళ గడువు ఇచ్చారు.

వీటి మధ్య మన గురించి కూడా ఒక వాక్యం ఉన్నది. పార్టు బి రాష్ట్రాలలో అప్పటికే ఈ వృత్తి చేస్తూ, 1932 నియమావళి ప్రకారం అర్హత లేనివారు కేంద్రం చెప్పిన షరతులు నెరవేరిస్తే సభ్యులు కావచ్చని దాని భావం. 1950 జనవరి 26న హైదరాబాద్ పార్టు బి రాష్ట్రమే అయింది. అంటే నిజాం రాజ్యంలో లెక్కలు చూసి తల నెరిసినవాడు స్వదేశంలో విలీనమైన రోజున, అర్హత విషయంలో సీమ నుంచి వచ్చినవాడిలాగే "నన్ను గుర్తించండి" అని నిలబడవలసి వచ్చింది. అయితే చట్టం అతని ముఖం మీద తలుపు వేయలేదు. అనుభవానికి ఒక దారి ఉంచింది. ఇది మనం మరువరాని మంచి.

మనం ఇతరులకు అడ్డుగోడలు కట్టలేదా అంటే, కట్టాము. 1919 నాటి ముల్కీ నిబంధన ప్రకారం సంస్థానం కొలువులో చేరాలంటే స్థానికుడై ఉండాలి, లేదా పదిహేనేళ్ళు ఇక్కడ నివాసం ఉండాలి. ఆ నిబంధన అమలు కోసమే 1952లో వరంగల్లులో విద్యార్థులు రోడ్డెక్కారు. గోడకు ఇవతల ఉన్నవాడికి అది రక్షణ, అవతల ఉన్నవాడికి అన్యాయం.

అదే చట్టంలో 29వ సెక్షను ఈ న్యాయాన్ని ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో పెట్టింది. ఏ దేశమైనా భారతీయులను తమ సంస్థలో చేరనీయకపోయినా, వృత్తి చేయనీయకపోయినా, అన్యాయమైన వివక్ష చూపినా, కేంద్రం ఆ దేశాన్ని ప్రకటించవచ్చు. అప్పుడు ఆ దేశస్థులకు ఇక్కడ సభ్యత్వం ఉండదు. మన పిల్లను వాళ్ళు మళ్ళీ పరీక్ష రాయమన్నట్టే, వాళ్ళ పిల్ల ఇక్కడికి వస్తే మనమూ మన కంపెనీ చట్టం, మన పన్నుల చట్టం వచ్చునా అని అడుగుతాము. అడగడం తప్పు కాదు. ఆడిట్ రిపోర్టును నమ్మి డబ్బు పెట్టే సామాన్యుడికి ఆ సంతకమే రక్ష. అయితే అవసరానికి మించి అడగడం, తమ వృత్తిలోకి పోటీ రాకుండా అడగడం తప్పు. ఈ తేడాను గుర్తించే ప్రపంచ వాణిజ్య సంస్థ 1998 డిసెంబరులో అకౌంటెన్సీ రంగానికి నియమాలు ఆమోదించింది. నిబంధనలు అవసరానికి మించి వాణిజ్యానికి ఆటంకం కాకూడదన్నది వాటి సారాంశం.

తర్వాత గోడలలో కొన్ని కిటికీలు తెరుచుకున్నాయి. 2008లో ఇంగ్లండు, వేల్సు సంస్థతో మన ఇన్‌స్టిట్యూట్ ఒప్పందం చేసుకున్నది. ఒకప్పుడు ఏ సంస్థ పత్రం కోసం మనవాళ్ళు ఓడెక్కారో, అదే సంస్థ మన సభ్యులకు అన్ని పరీక్షలూ మళ్ళీ రాయనక్కరలేకుండా దారి ఇచ్చింది. కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాల సంస్థలతోనూ ఒప్పందాలు జరిగాయి. అమెరికాలో లైసెన్సు ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర బోర్డు. అక్కడ చాలాకాలంగా చాలా రాష్ట్రాలు 150 గంటల కళాశాల చదువు అడుగుతూ వచ్చాయి. మన మూడేళ్ళ బి.కాం. ఒక్కటే ఆ లెక్కకు చాలదు. ఈ నిబంధనను కొన్ని రాష్ట్రాలు ఈ మధ్య సడలిస్తున్నాయి. ఆ దేశపు సి.పి.ఏ. పరీక్ష రాయడానికి 2020 నుంచి మన దేశంలోనే కేంద్రాలు వచ్చాయి. అంతకుముందు పరాయి దేశానికి వెళ్ళి రాయవలసి వచ్చేది.

మా పెద్దాయనకు నేను చివరికి చెప్పినది ఇది. ఉద్యోగం వేరు, సంతకం వేరు. మనవరాలి చదువు చెల్లకపోలేదు, అందుకే ఉద్యోగం ఇస్తామన్నారు. సంతకానికి మాత్రం అక్కడి చట్టం వచ్చునని రుజువు అడుగుతున్నారు. బాధపడుతూ కూర్చోకుండా మూడు విషయాలు కనుక్కోమనండి. ఆ దేశంతో మన ఇన్‌స్టిట్యూట్‌కు ఒప్పందం ఉన్నదా, ఉంటే దాని గడువు ఇంకా ఉన్నదా? ఏయే పేపర్లకు మినహాయింపు వస్తుంది? ఇక్కడి శిక్షణ కాలానికి, అనుభవానికి ఏ రుజువులు కావాలి? ఆర్టికిల్‌షిప్ కాగితాలు, మార్కుల పత్రాలు, సభ్యత్వ పత్రం ఇంటి బీరువాలో ఎక్కడున్నవో తాతగారు వెతికిపెట్టవచ్చు. సర్వీసు రిజిష్టరులో ఒక ఎంట్రీ లేక పింఛను ఆగిపోయిన మనకు, కాగితం విలువ వేరే చెప్పాలా?

ఆయన నవ్వి, "అయితే మళ్ళీ రాయాల్సిందేనంటావు" అన్నారు. రాయనివ్వండి అన్నాను. ఒక తరం సీమకు పోయి రాసింది, ఒక తరం బొంబాయి డిప్లమాతో నిలబడింది, ఒకామె కోర్టుకెక్కి గెలిచింది, మన సంస్థానం వాళ్ళు షరతులు నెరవేర్చి చేరారు. ఈ అమ్మాయికి మిగిలినవి కొన్ని పేపర్లు మాత్రమే.

పోయిన వారం ఆయన ఫోను చేశారు. బీరువాలో కాగితాలన్నీ దొరికాయట, ఆర్టికిల్‌షిప్ సర్టిఫికెట్టుతో సహా.