స్త్రీ పాత్ర - స్త్రీ కంఠము

బట్లహళ్ళి చిక్కబళ్ళాపుర జిల్లా చింతామణి తాలూకాలోని గ్రామము. 2007వ సంవత్సరము వఱకు ఈ ప్రాంతము కోలారు జిల్లాలో నుండెను. మా యింట తెలుగు, బడిలో కన్నడము. నా బాల్యమున తిరునాళ్ళలో నేను చూచిన పౌరాణిక నాటకములు తెలుగు నాటకములే. ద్రౌపది వేషము కట్టువాడు మీసము గొరిగించుకొని, హార్మోనియము శ్రుతికి రాగము తీసి యేడ్చుచుండగా, మా అవ్వ ముందు వరుసలో చాపపై కూర్చుండి, పాట బాగున్నదనియు, ఏడ్పు మాత్రము ఆడుదాని యేడ్పు కాదనియు అనెడిది. మగవాడు కొంగును కన్నుల కద్దుకొనునట. ఆడుది దానిని నోటిలో గ్రుక్కుకొనునట. పొరుగింటికి వినబడకుండుటకు!

ఒకరి బ్రతుకును వేఱొకరు అభినయించునపుడు తప్పిపోవునది యేది? తామే అభినయించుకొన్నంత మాత్రమున అది చేకూరునా? ఆ యవ్వ మాటను బట్టి నేనిచట విచారింపదలచినది ఇంతమాత్రమే.

ఈ ప్రశ్నను మన ప్రక్కనే సూటిగా నెత్తుకొన్నవాడు బళ్ళారి రాఘవ. ఆయన 1880లో తాడిపత్రిలో జన్మించెను, వృత్తిచే న్యాయవాది. బళ్ళారి నేడు కర్ణాటకములోనిదైనను, 1953లో మైసూరు రాష్ట్రమున చేరువఱకు మద్రాసులోనిది. ఆ యూరు తెలుగు నాటకమునకు పుట్టినిల్లు వంటిది. రాఘవ మేనమామ యగు ధర్మవరము రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను, కోలాచలము శ్రీనివాసరావు సుమనోరమా సభను అచటనే నడపిరి. ఆ సభలలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించెడివారు. అది నాడు దోషముగ నెవరికిని తోచలేదు. వకీళ్ళు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు కూడిన సభలకు ఇంటి యాడువారిని తెచ్చుట యూహకందని పని.

రాఘవకు మాత్రము తోచెను. స్త్రీ పాత్రను స్త్రీయే ధరింపవలెననియు, కుటుంబ స్త్రీలు రంగస్థలమునకు రావలెననియు ఆయన పట్టుబట్టెను. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ఆయనతో కలసి నటించిరి. పి. వి. రాజమన్నారు రచించిన ‘తప్పెవరిది’ వంటి సాంఘిక నాటకములను ఆయన చేపట్టుట ఈ పట్టుదలకు సంబంధము లేని విషయము కాదని నా యభిప్రాయము. పౌరాణిక నాటకమున పద్యము కలదు, రాగము కలదు, కిరీటము కలదు. పురుషుని కంఠమును పద్యము కప్పిపుచ్చగలదు. ఒక గదిలో కుర్చీపై కూర్చుండి భార్య భర్తతో మాటలాడు ఘట్టమున కప్పుటకేమియు లేదు. ఆధునిక స్త్రీ రంగమునకు వచ్చిన దినముననే మగ ద్రౌపదికి కాలము చెల్లినది.

స్త్రీలు అంతకు ముందు తెలుగు రంగమున లేకపోలేదు. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో ‘కీచకవధ’తో ఆరంభమైన వనారస వారి సమాజమున ఇల్లాండ్రు, ఆడుబిడ్డలు వేషములు కట్టిరి. వారు నాటకమే జీవనముగా ఊరూరు తిరుగు కుటుంబమువారు గనుక, వారి యుదాహరణమును పట్టణపు సభలవారు తమకు వర్తింపజేసికొనలేదు. ఇది మన నాటక చరిత్రలో చిన్న యన్యాయము కాదు.

ఎదుటి పక్షమును గూడ చెప్పవలెను. స్థానం నరసింహారావు (1902-1971) సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా చూపిన ప్రతిభ అసామాన్యము. 1956లో పద్మశ్రీ లభించెను. ఆయన కళను తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని ఆయన చూపినది పురుషుడు చూడగోరిన స్త్రీ. ఆ స్త్రీ అలుగును, కులుకును, నవ్వును. ఆమె కొంగు నోటికి పోవుట మాత్రము అరుదు.

ఇట్టి చరిత్రయే సముద్రము కావల మఱియొక రూపమున నడచినది. అమెరికా రేడియోలో ‘బ్యూలా’ అను నల్లజాతి పనిమనిషి పాత్రకు 1940ల నడుమ గొంతునిచ్చినవాడు మార్లిన్ హర్ట్ అను తెల్లజాతి పురుషుడు! మన మగ ద్రౌపదికి మీసము మాత్రమే అడ్డము. అతనికి మీసమును వర్ణమును రెండును అడ్డములే. 1947లో ఆ పాత్ర హాటీ మెక్‌డేనియల్ అను నల్లజాతి నటికి దక్కెను. 1950లో అది టెలివిజనునకు వచ్చినపుడు ఎథెల్ వాటర్స్ ధరించెను. ఐనను బ్యూలా తెల్లవారి వంటయింటిని దాటలేదు. గొంతు మాఱినది, మాట మాఱలేదు.

1968లో ‘జూలియా’ వచ్చెను. డయాన్ కారొల్ అందు నర్సు, వితంతువు, పనిమనిషి కాదు. ఇది గొప్ప ముందడుగే. కాని దానిని కల్పించినవాడు హాల్ కాంటర్ అను తెల్లజాతి రచయిత. నల్లవారి వాస్తవ జీవితము అందు కానరాదని నాడే విమర్శ పుట్టెను.

మన ‘మాలపిల్ల’ (1938) నాకీ సందర్భమున జ్ఞప్తికి వచ్చును. గూడవల్లి రామబ్రహ్మము దర్శకుడు, చలము కథ, తాపీ ధర్మారావు మాటలు. కాంచనమాల నాయిక. ఆ కాలమున అట్టి చిత్రమును తీయుట సాహసము. కాని కథ వ్రాసినవారు, మాట కూర్చినవారు, తీసినవారు అందఱును ఆ వాడకు వెలుపలివారే. మా తాలూకా పేరునే పేరుగా గల కాళ్ళకూరి నారాయణరావు నాటకము ‘చింతామణి’ సంగతి మఱింత విచిత్రము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022లో దానిని నిషేధించుటకు కారణమైన యభ్యంతరము సుబ్బిశెట్టి పాత్రను గూర్చినది. నాటకమునకు పేరిచ్చిన వేశ్య గౌరవము ఆ తగవులో ముఖ్యము కాలేదు.

కలము చేతులు మాఱుట అమెరికాలో స్పష్టముగ కనబడినది. 2012లో ‘స్కాండల్’ను సృష్టించినది షోండా రైమ్స్ అను నల్లజాతి రచయిత్రి. అందలి నాయిక కెరీ వాషింగ్టన్ ధరించిన ఒలీవియా పోప్ తెలివిగలది, అధికారము గలది, తప్పులు చేయునది. ఆ దేశపు పెద్ద చానెళ్ళలో నల్లజాతి స్త్రీ ప్రధాన పాత్రగా గల నాటకము వచ్చి అప్పటికి దాదాపు 40 ఏండ్లైనది. 2014లో ఆరంభమైన ‘హౌ టు గెట్ అవే విత్ మర్డర్’లో వయోలా డేవిస్ న్యాయవాదిని పాత్రను ధరించెను. ఒక రాత్రి ఆమె అద్దము ముందు కూర్చుండి సవరమును తీసివేయును, కనురెప్పల వెండ్రుకలను ఊడబెఱుకును, రంగును తుడుచుకొనును. ఇది నటి స్వయముగ కోరి సాధించుకొన్న ఘట్టము. ఆ ధారావాహికను కల్పించినవాడు పీటర్ నోవాక్ అను తెల్లజాతి పురుషుడు. ఐనను నటి మాట అచట చెల్లినది. 2015లో నాటక విభాగమున ప్రధాన నటికిచ్చు ఎమ్మీ బహుమతిని పొందిన తొలి నల్లజాతి స్త్రీ ఆమెయే.

దానిని చూచినపుడు నాకు మా అవ్వ తలపునకు వచ్చెను. ఇంగ్లీషు రాని ఆ ముసలమ్మకు ఆ ఘట్టము తప్పక తెలిసియుండును.

మనకు ఆ వ్రాత లేదా? కలదు. గోగు శ్యామల సంపాదకత్వమున వెలువడిన ‘నల్లపొద్దు’ అను దళిత స్త్రీల రచనల సంపుటము కలదు. జాజుల గౌరి కథలు కలవు. కాని అవి పుస్తకములందే నిలిచినవి. బట్లహళ్ళిలో ప్రతి సాయంకాలము తెలుగు ధారావాహికలు మ్రోగుచున్నవి. పట్టుచీరలు కట్టి కోట్ల యాస్తికై పోరాడు అత్తాకోడండ్రను వానిలో చూచుచున్నాను. మా యూరి వేరుసెనగ చేలలో కలుపు తీయు స్త్రీ, ఆమె చదివించిన కూతురు నాయికలైన ధారావాహిక నాకింతవఱకు కనబడలేదు.