కియర్నీ వీధి అన్నయ్యలు

అమ్మానాన్నల్ని ఇక్కడికి తెచ్చుకుందామా, ఊళ్ళోనే ఉండనిద్దామా అన్న మాట మన గ్రూపుల్లో నెలకోసారైనా వస్తుంది. గ్రీన్ కార్డు, ఇన్సూరెన్సు, కింద బెడ్‌రూము ఉన్న ఇల్లు... చర్చంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. ఈసారి కాస్త వెనక్కి వెళ్దాం. మనకంటే ముందు ఈ దేశం వచ్చి, ఇక్కడే ముసలివాళ్ళయినవాళ్ళు ఎక్కడ ఉన్నారు? అద్దె ఎలా కట్టుకున్నారు? శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకే పేట చుట్టుపక్కల, ఒకే దశాబ్దంలో జరిగిన రెండు కథలు చెప్తాను, వినండి.

1920లు, 30లలో ఫిలిప్పీన్స్ నుంచి వేలమంది కుర్రాళ్ళు కాలిఫోర్నియా పొలాల్లోకి, అలాస్కా చేపల ఫ్యాక్టరీల్లోకి కూలి పనికి వచ్చారు. వాళ్ళ వెంట వచ్చిన ఆడవాళ్ళు చాలా తక్కువ. తెల్లవాళ్ళని పెళ్ళాడటానికి అప్పటి కాలిఫోర్నియా చట్టం ఒప్పుకోలేదు. 1934లో వచ్చిన ఇంకో చట్టం ఫిలిప్పీన్స్ నుంచి ఏడాదికి 50 మందినే రానిచ్చింది. దాంతో చాలామంది పెళ్ళీ పిల్లలూ లేకుండానే ఉండిపోయారు. వాళ్ళని 'మనోంగ్' అనేవారు. ఇలొకానో భాషలో అన్నయ్య అని అర్థం. వాళ్ళకి అమెరికా పౌరసత్వం తీసుకునే హక్కు 1946లో వచ్చింది. మన భారతీయులకీ ఆ హక్కు ఇచ్చింది ఆ చట్టమే, ఏడాదికి 100 మంది కోటాతో. కాబట్టి ఈ అన్నయ్యలు మనకి మరీ పరాయివాళ్ళేం కాదు.

ఒంట్లో ఓపిక తగ్గాక వాళ్ళు చేరుకున్న చోటు కియర్నీ వీధిలోని ఇంటర్నేషనల్ హోటల్. పేరుకే హోటల్. ఒక్కొక్కరికి ఒక చిన్న గది, బాత్‌రూమ్ అందరికీ కలిపి. అద్దె నెలకి సుమారు 50 డాలర్లు. ఆ గదిని చూస్తే మనం 'ఇందులో ఎలా ఉంటారమ్మా!' అంటాం. కానీ మెట్లు దిగితే తమ భాష మాట్లాడే మంగలి షాపు, బిలియర్డ్స్ హాలు, తమ తిండి దొరికే చోట్లు. పక్కనే చైనాటౌన్. కారు అక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. మీ నాన్నగారు ఊళ్ళో పొద్దున్నే టీ కొట్టు దాకా వెళ్ళి పేపరు చూసి వస్తారే, అలాంటి బతుకన్నమాట.

అయితే పక్కనున్న ఆఫీసుల పేట పెరుగుతూ వచ్చింది. నేల ధర ముందు 50 డాలర్ల అద్దె ఎవరికి ఆనుతుంది? 1968లో ఖాళీ చేయమని నోటీసులొచ్చాయి. మరుసటి ఏడాది మంటలు అంటుకుని ముగ్గురు చనిపోయారు. 1973లో భవనం చేతులు మారింది. ముసలివాళ్ళు కదల్లేదు. విద్యార్థులు వచ్చి గదులకి రంగులేశారు, వాళ్ళ తరఫున ఊరేగింపులు చేశారు. ఖాళీ చేయించమన్న కోర్టు మాట వినలేదని షెరిఫ్ రిచర్డ్ హాంగిస్టోకి అయిదు రోజులు జైలు కూడా పడింది. చివరికి 1977 ఆగస్టు 4 తెల్లవారుజామున ఆయనే సుత్తి పట్టుకుని తలుపులు పగలగొట్టాల్సి వచ్చింది. బయట వేలమంది చేతులు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. 300 మందికి పైగా పోలీసులు వాళ్ళని తోసుకుంటూ లోపలికి వెళ్ళారు. యాభై మంది దాకా ముసలివాళ్ళు రోడ్డు మీద పడ్డారు. భవనాన్ని తర్వాత కూల్చేశారు. అంత తొందరపెట్టి ఖాళీ చేయించిన స్థలం ఇరవై ఏళ్ళకి పైగా గొయ్యిగానే ఉండిపోయింది! 2005లో అక్కడే తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్ళ కోసం వందకు పైగా ఫ్లాట్లు కట్టారు. అప్పటికి పాతవాళ్ళలో చాలామంది పోయారు.

రెండో కథ ఆ దగ్గర్లోనే. చైనాటౌన్ పెద్దవాళ్ళకి ఒక నర్సింగ్ హోమ్ కడదామని విలియం గీ అనే డెంటిస్టు, మరికొందరు పెద్దలు అనుకున్నారు. 1971లో మేరీ-లూయిజ్ ఆన్సాక్ అనే సోషల్ వర్కర్‌ని పెట్టుకుని లెక్కలు వేయించారు. ఖర్చు భరించలేమని తేలింది. పైగా మన భాష రానివాళ్ళ మధ్య, మన అన్నం లేని చోట పెద్దవాళ్ళని పడేయడం అక్కడి కుటుంబాలకీ నచ్చే పని కాదు. అప్పుడు ఆవిడ ఆలోచనని తిరగేశారు. మనుషులు ఇళ్ళల్లోనే ఉండాలి, పగటిపూట వ్యాన్ వచ్చి సెంటరుకి తీసుకెళ్ళాలి. డాక్టరు, మందులు, వ్యాయామం, వేడి భోజనం, కబుర్లు అన్నీ అక్కడే. దాని పేరు ఆన్ లోక్. కాంటనీస్‌లో శాంతి, సంతోషం అని. 1973లో మొదలైన ఆ పద్ధతికి 1997లో ఫెడరల్ చట్టం శాశ్వతమైన చోటిచ్చింది. ఈరోజు ముప్పైకి పైగా రాష్ట్రాల్లో 'పేస్' అనే పేరుతో నడుస్తున్నది అదే. నా దృష్టిలో వలస వచ్చినవాళ్ళు ఈ దేశానికి ఇచ్చిన మంచి వస్తువుల్లో ఇదొకటి, దీని గురించి మనవాళ్ళు పెద్దగా మాట్లాడుకోరు.

ఇక మన సంగతి. మనలో చాలామందికి ఇల్లుంది, అద్దె బాధ లేదు, ఆ ఇల్లు మాత్రం కారు లేకపోతే పాలు కూడా దొరకని సందులో ఉంది. డబ్బు చిక్కు తర్వాత వస్తుంది. పిల్లల స్పాన్సర్‌షిప్ మీద గ్రీన్ కార్డుతో వచ్చిన అమ్మకి 65 దాటి, ఇక్కడ వరసగా అయిదేళ్ళు ఉంటే మెడికేర్ కొనుక్కునే వీలుంటుంది. ఇక్కడ పదేళ్ళు పని చేసిన లెక్క లేకపోతే పార్ట్ ఎ కి కూడా ప్రీమియం కట్టాల్సిందే. ఆ మెడికేరైనా స్నానం చేయించే మనిషికో, నెలల తరబడి కనిపెట్టుకుని ఉండే ఆయాకో డబ్బివ్వదు. మీరు సంతకం పెట్టిన స్పాన్సర్ పత్రం ఆవిడ పౌరసత్వం తీసుకునేదాకానో, 40 క్వార్టర్ల పని లెక్కలో పడేదాకానో మీ మెడకే ఉంటుంది. 1959 నాటి సెక్షన్ 202 కింద కట్టిన ఇళ్ళున్నాయి. 62 దాటి, బాగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ కోసం. అద్దె మామూలుగా ఆదాయంలో 30 శాతం. దొరకాలంటే ఓపిక పట్టాలి, అందుకే పేరు ముందే రాయించుకోవాలి.

పేస్‌లో చేరడానికి వయసు 55 దాటాలి, నర్సింగ్ హోమ్ స్థాయి సాయం అవసరమని రాష్ట్రం ఒప్పుకోవాలి, సెంటరు సేవలందించే ప్రాంతంలోనే ఇల్లుండాలి. మెడికెయిడ్ లేనివాళ్ళకి నెలకి పెద్ద మొత్తమే అవుతుంది. కొత్త ఇల్లు చూస్తున్నవాళ్ళు స్కూలు రేటింగ్‌తో పాటు ఆ జిప్ కోడ్‌లో పేస్ ఉందా అని మెడికేర్ వెబ్‌సైటులో ఒకసారి చూడండి. గుడి, కూరగాయల కొట్టు, తెలుగు మాట్లాడే ఇంకో అమ్మమ్మ నడిచే దూరంలో ఉన్నారా అన్నది మాత్రం ఏ వెబ్‌సైటూ చెప్పదు. ఒక సాయంత్రం ఆ వీధిలో మీరే నడిచి చూసుకోవాలి.